శ్రీలంకకి ఎండ కోసం వెళ్లాలా? ఎండా సముద్రం మనకి లేవా?

సిల్క్‌సిటీ_శారద
ట్రావెల్స్ వాళ్లిచ్చిన ప్యాకేజీ కాగితం ఎదురుగా పెట్టుకుని అడుగుతున్నాను. అయిదు రాత్రులు: కొలంబోలో రెండు, కాండీలో ఒకటి, బెంతోట బీచిలో రెండు. పైన పెద్ద అక్షరాలతో ఎండ, ఇసుక, సంస్కృతి అని ఉంది. బరంపురం నుంచి గోపాల్‌పూర్ బీచికి అరగంట. బుద్ధుడు కావాలంటే భువనేశ్వర్ దగ్గర ధౌళి ఉంది. ఎండ సంగతి గంజాం జిల్లా వాళ్లకి ఇంకొకరు చెప్పాలా? మరి విమానం ఎక్కి అంత దూరం పోయి చూడాల్సింది నిజంగా ఏముంది? వెళ్లేది నలుగురం. అమ్మా నాన్నలకి అరవై దాటాయి, నాన్నకి మోకాళ్లు పట్టేస్తాయి. బాబుకి పదేళ్లు. స్కూలు సెలవుల వల్ల మే నెలే కుదురుతుంది. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. తెలిసినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

గోపాల్‌పూర్_గాలి
మే నెలలో బెంతోటా? ఆ కాగితం పక్కన పెట్టేయండి.

నైరుతి రుతుపవనం మనకంటే ముందు వాళ్లని తాకుతుంది. మే రెండో సగం నుంచి పడమర, దక్షిణ తీరాల్లో (నెగొంబో, బెంతోట, హిక్కడువ, గాలే, మిరిస్స) సముద్రం రేగిపోయి ఉంటుంది. బీచిలో ఎర్ర జెండాలు పాతేస్తారు, నీళ్లలో కాలు పెట్టడానికి ఉండదు. హోటళ్ల రేట్లు అందుకే పడిపోతాయి, ప్యాకేజీ చవగ్గా కనిపించేదీ అందుకే. అదే మే నెలలో తూర్పు తీరం (త్రింకోమలి, నిలావెలి, పాసికూడా) ప్రశాంతంగా ఉంటుంది. నడుములోతు నీళ్లలో నిలబడితే కాలివేళ్లు కనిపిస్తాయి.

లెక్క ఇదీ: డిసెంబరు నుంచి మార్చి దాకా దక్షిణం, పడమర. మే నుంచి సెప్టెంబరు దాకా తూర్పు. అక్టోబరు, నవంబరుల్లో రెండువైపులా మధ్యాహ్నం తర్వాత వాన. మన దసరా సెలవులు సరిగ్గా అక్కడే పడతాయి.

ఛత్రపూర్_కుర్రాడు
సముద్రం కోసమైతే వెళ్లక్కర్లేదు శారదక్కా. తాబేళ్లు చూడాలన్నా మన రుషికుల్య ముఖద్వారం దగ్గర ఒక్కసారే వేలల్లో వచ్చి గుడ్లు పెడతాయి. అక్కడ రెకావాలో ఒక రాత్రికి ఒకటో రెండో వస్తే గొప్ప. గాలి గారు చెప్పిన ఋతువుల లెక్క మాత్రం అక్షరాలా నిజం.

జైపూర్_మాస్టారు
శారదమ్మా, సముద్రాన్ని సముద్రంతో పోల్చుకుంటే ఎటూ తేలదు. ఆ దేశం గొప్పదనం ఎండలో లేదు, దగ్గరతనంలో ఉంది. మొత్తం వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. మన ఒడిశాలో సగం కూడా కాదు. ఆ కాస్త చోటులోనే రెండు వేల ఏళ్ల నాటి ఇటుక స్తూపాలు, 1,868 మీటర్ల ఎత్తున నువరఎలియ ఊరు (మన కొరాపుట్ దేవమాలి శిఖరమే 1,672 మీటర్లు), తేయాకు కొండలు, ఏనుగుల అడవులు, రెండు రకాల తీరాలు. ఒకచోట నుంచి ఇంకోచోటికి మూడు నాలుగు గంటల ప్రయాణం. ఉదయం రాతి బుద్ధుణ్ణి చూసి, సాయంత్రానికి స్వెట్టర్ వేసుకునే చలిలో టీ తాగొచ్చు.

మీ ప్యాకేజీలో లేనిది సరిగ్గా అదే. కొలంబోలో రెండు రాత్రులంటే షాపింగ్ మాల్స్ చూడ్డమే. సిగిరియా (బండ మీది కోట), పొలొన్నరువ (పాత రాజధాని), దంబుల్ల (గుహల గుళ్లు) ఉండే మధ్య ప్రాంతాన్ని మొత్తంగా వదిలేశారు. అది వదిలేశాక శ్రీలంకలో మీకు మిగిలేది గోపాల్‌పూరే.

పొలొన్నరువలో గల్ విహార అని ఒక చోటుంది. ఒకే గ్రానైటు బండలోంచి నాలుగు విగ్రహాలు చెక్కారు. పన్నెండో శతాబ్దం, పరాక్రమబాహు కాలం. పడుకున్న బుద్ధుడి పొడవు 14 మీటర్లు. దగ్గరకెళ్లి తల కింద దిండు చూడండి. తల బరువుకి దిండు నొక్కుకుపోయినట్టు రాతిలో చిన్న పల్లం తీశారు. తర్వాత పాదాల దగ్గరికి రండి. ఎడమ పాదం కుడిదానికంటే కాస్త వెనక్కి జరిగి ఉంటుంది. అది నిద్ర కాదు, నిర్యాణం అని చెప్పడానికి శిల్పి వాడుకున్న గుర్తు అంతే. బండలో సహజంగా ఉన్న చారలు ముఖం మీదుగా, చీవరం (బుద్ధుడి పైబట్ట) మడతల మీదుగా నడుస్తాయి. దాన్ని పది నిమిషాలు చూసి బస్సెక్కించే ప్యాకేజీలు కొనకండి.

పర్లాకిమిడి_పాతకోట
మాస్టారు చెప్పినదానికి మన వైపు సంగతి ఒకటి కలుపుతాను. కాండీలో దళద మాళిగావ అని బుద్ధుడి దంతం ఉన్న గుడి. ఆ దంతం వెళ్లింది కళింగం నుంచే. దంతపురం రాజు గుహశివుడు శత్రువుల భయంతో కూతురు హేమమాలనీ అల్లుడు దంతకుమారుణ్ణీ పడవ ఎక్కించి పంపాడనీ, హేమమాల దాన్ని జుట్టు ముడిలో దాచి తీసుకెళ్లిందనీ సింహళ గాథ. నాలుగో శతాబ్దం, అక్కడ కీర్తిశ్రీ మేఘవర్ణుడు రాజు. ఆ దంతపురం మనకి పక్కనే, శ్రీకాకుళం జిల్లాలో ఆమదాలవలస దగ్గరున్న దంతవక్త్రుని కోట. ధౌళి చూశాం కదా అనుకునేవాళ్లు కాండీకి ఎందుకు వెళ్లాలంటే ఇందుకే వెళ్లాలి.

ఛత్రపూర్_కుర్రాడు
ఆమదాలవలసే అని తేల్చేస్తే ఎలా? గంజాం జిల్లా పాలూరు అన్నవాళ్లూ ఉన్నారు. చిలకకి దక్షిణపు కొస, పాతకాలపు గ్రీకు భూగోళ పండితుడు టాలమీ రాసిన పలౌరా రేవు అదే. ఓడ ఎక్కాలంటే రేవుకి దగ్గర కావాలి కదా. పూరీయే దంతపురం అన్న పండితులూ ఉన్నారు.

గుణుపూర్_వంశధార
రేవు అంటే సముద్రం ఒడ్డునే ఉండక్కర్లేదు తమ్ముడూ. దంతవక్త్రుని కోట వంశధారకి దగ్గర. నది దిగువకి వెళ్తే కళింగపట్నం. అప్పట్లో నది పడవలకి ఆ దూరం ఒక లెక్క కాదు. మట్టికోట గోడ ఇంకా కనిపిస్తుంది, బౌద్ధ అవశేషాలూ దొరికాయి. నా ఓటు పాతకోట గారికే.

జైపూర్_మాస్టారు
ఈ తగువు వందేళ్లుగా ఉన్నదే, ఇక్కడ తేలదు. కళింగం అన్నంత వరకు ఎవరికీ పేచీ లేదు. దానికి రాతి సాక్ష్యం కూడా పొలొన్నరువలోనే ఉంది. గల్ పోత అని, తాటాకు పుస్తకం ఆకారంలో చెక్కిన రాయి. దాదాపు ఎనిమిది మీటర్ల పొడవు, 25 టన్నుల బరువు. వేయించినవాడు నిశ్శంకమల్లుడు, పాలన 1187 నుంచి 1196 దాకా. తాను కళింగంలో సింహపురంలో పుట్టానని శాసనాల్లో చెప్పుకున్నాడు. ఆ బండని మిహింతలే నుంచి మోయించినట్టు కూడా దాని మీదే ఉంది. దళద చతురస్రం అని పాత గుళ్లన్నీ ఒకచోట ఉంటాయి, వటదాగె గుండ్రటి గుడికి దగ్గర్లోనే ఇది. గైడులు చాలామంది ఆగరు, మీరే ఆపించాలి.

కాశీబుగ్గ_కోడలు
కాండీ చివరి నలుగురు రాజులూ మన వంశాలవాళ్లే. మధుర నాయకుల చుట్టాలు, తెలుగు మూలాలు. 1739లో శ్రీవిజయ రాజసింహుడితో మొదలై 1815లో శ్రీవిక్రమ రాజసింహుణ్ణి బ్రిటిష్‌వాళ్లు పట్టుకోవడంతో అయిపోయింది. ఆయన్ని వేలూరు కోటలో ఉంచారు, 1832లో అక్కడే పోయాడు. కాండీ గుడి ముందున్న చెరువు ఆయన తవ్వించిందే. దంబుల్ల గుహల్లో పైకప్పు నిండా కనిపించే బొమ్మల్లో ఎక్కువ భాగం కీర్తిశ్రీ రాజసింహుడి కాలంలో వేయించినవి. అనురాధపురం వైపు కుడాగమలో అహికుంటకులు అనే పాములవాళ్లు ఉన్నారు, వాళ్లింట్లో ఇప్పటికీ తెలుగే.

గోపాల్‌పూర్_గాలి
చరిత్ర బాగుంది గానీ గుళ్లో ఏం చేయాలో కూడా చెప్పండి, శారద గారు పెద్దవాళ్లతో వెళ్తున్నారు.

పర్లాకిమిడి_పాతకోట
సరే. మాళిగావలో పూజ రోజుకి మూడుసార్లు: పొద్దున అయిదున్నర, తొమ్మిదిన్నర, సాయంత్రం ఆరున్నర. ఆ వేళల్లోనే పై అంతస్తులో లోపలి గది తలుపు తీస్తారు. దంతం కంటికి కనిపించదు, స్తూపం ఆకారంలో ఉన్న బంగారు పేటిక కనిపిస్తుంది. దానికీ నిలబడేది కొన్ని క్షణాలే, వరస కదిలిపోతుంది. సాయంత్రం పూజకి రద్దీ ఎక్కువ. పెద్దవాళ్లయితే పొద్దున తొమ్మిదికల్లా మెట్లెక్కి పై హాల్లో కూర్చోబెట్టండి.

భుజాలు, మోకాళ్లు కప్పాలి. తెలుపు వేసుకుంటే మేలు. చెప్పులు, టోపీ బయటే. రాతి నేల మధ్యాహ్నం కాలిపోతుంది, సాక్స్ వేసుకుంటే అభ్యంతరం లేదు. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగితే అక్కడ చాలా తప్పు, సెల్ఫీ అలవాటున్న పిల్లలకి ముందే చెప్పాలి. ఒంటి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉన్నవాళ్లని విమానాశ్రయం నుంచే వెనక్కి పంపిన సందర్భాలున్నాయి.

సిల్క్‌సిటీ_శారద
ఈ దంతపురం సంగతి నాన్నకి చదివి వినిపించాను. ఇప్పుడు నాకంటే ఆయనకే తొందర ఎక్కువైంది. సిగిరియా ఎక్కగలరా? మోకాళ్లు చెప్పాను కదా.

జైపూర్_మాస్టారు
పైదాకా వద్దు. సుమారు 1,200 మెట్లు, దిగేటప్పుడు మోకాలికి ఇంకా కష్టం. కానీ సగం సిగిరియా కిందే ఉంది. కోట కట్టిన రాజు కాశ్యపుడి (477–495) నీటి తోటలు, బండరాళ్ల తోట, ప్రదర్శనశాల అన్నీ నేల మీదే. నాన్నగారూ అమ్మగారూ అక్కడ చెట్ల నీడలో రెండు గంటలు హాయిగా గడపొచ్చు. మీరూ బాబూ పైకి వెళ్లండి.

పొద్దున్నే గేటు తీస్తారు, ఆ వేళకే అక్కడ ఉండాలి. రెండు కారణాలు. ఒకటి, తొమ్మిది దాటాక బండ వేడెక్కుతుంది, పైన నీడ లేదు. రెండు, బండ మధ్యలో అజంతా ఛాయలున్న కన్యల చిత్రాల దగ్గరికి వెళ్లే ఇనుప మెట్లు మెలిక తిరిగి ఇరుగ్గా ఉంటాయి. టూరిస్టు బస్సులు దిగాక అక్కడ వరస ఆగిపోతుంది. చిత్రాల దగ్గర ఫోటోలు తీయనివ్వరు. దాని పక్కనే అద్దపు గోడ. సున్నపు పూత మీద వెయ్యేళ్లకి ముందు వచ్చిన సందర్శకులు గీసిన పద్యాలు ఉన్నాయి, పరణవితాన అనే పండితుడు 685 చదివి అచ్చు వేశారు. పైమెట్ల ముందున్న పెద్ద సింహపు పాదాల దగ్గర కందిరీగల తుట్టెలుంటాయి, అక్కడ అరుపులు, ఘాటు సెంట్లు పనికిరావు. బాబుకి గట్టిగా చెప్పండి.

దంబుల్లకి మెట్లు తక్కువ, మూడు నాలుగు వందలు, మధ్యలో కూర్చునే చోట్లున్నాయి. టికెట్టు కింద తీసుకుని ఎక్కాలి. పైకి వెళ్లాక టికెట్టు కోసం మళ్లీ దిగడం అక్కడ రోజూ జరిగే పని.

గిరిసోల_చెక్‌గేటు
టికెట్ల విషయంలో మనవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. సిగిరియా, పొలొన్నరువ, అనురాధపురాల్లో విదేశీయులకి ఒక ధర, మనలాంటి సార్క్ (దక్షిణాసియా కూటమి) దేశాలవాళ్లకి సగానికి దగ్గరగా ఇంకో ధర. సార్క్ ధర అడిగితేనే ఇస్తారు, అదీ అసలు పాస్‌పోర్టు చూపిస్తేనే. జెరాక్సు, ఫోన్‌లో ఫోటో చెల్లవు. అందరి పాస్‌పోర్టులూ ఒక సంచిలో పెట్టుకుని కౌంటరుకి మీరే వెళ్లండి. డ్రైవరుకి డబ్బిచ్చి తెమ్మంటే పూర్తి ధర టికెట్టే వస్తుంది.

ప్యాకేజీలో ఈ టికెట్లు కలిసి ఉన్నాయా అన్నది కాగితంలో రాయించుకోండి. "సైట్ సీయింగ్" అని రాస్తే బయట నుంచి చూపిస్తారు అని అర్థం.

ఛత్రపూర్_కుర్రాడు
చివరి లైను ఫ్రేము కట్టించి పెట్టుకోవాలి.

రాయగడ_గార్డు
ప్రయాణం సంగతి. బరంపురం నుంచి కోరమాండల్ గానీ హౌరా–చెన్నై మెయిల్ గానీ ఎక్కితే చెన్నై సెంట్రల్. రాయగడ వైపు వాళ్లకి బొకారో ఎక్స్‌ప్రెస్ చెన్నైలోని పెరంబూరు దాకా ఉంది. చెన్నై నుంచి కొలంబోకి విమానం గంటన్నర లోపే. రైలు దిగిన రోజే విమానం పెట్టుకోవద్దు, మన లైను మీద మూడు నాలుగు గంటల ఆలస్యం మామూలే. ఒక రాత్రి చెన్నైలో ఉండండి. హైదరాబాదు నుంచీ విమానం ఉంది.

అక్కడి రైలు మాత్రం వదలొద్దు. గేజీ (పట్టాల మధ్య వెడల్పు) మనదే, 1,676 మిల్లీమీటర్లు. కొన్ని రైలు సెట్లు మన పెరంబూరు ఐసీఎఫ్ పెట్టెల ఫ్యాక్టరీలో తయారైనవే. కొలంబో నుంచి బదుల్ల వెళ్లే కొండ లైనులో పట్టిపొల స్టేషను 1,898 మీటర్ల ఎత్తు. అది దాటగానే సొరంగం. వానాకాలంలో సొరంగానికి ఇటు చినుకులు పడుతుంటే అటు ఎండ కాస్తుంటుంది. నైరుతి మేఘాన్ని ఆ గట్టే ఆపేస్తుంది. తర్వాత ఎల్ల, దాని అవతల తొమ్మిది కమానుల వంతెన, దెమోదరలో రైలు తన లైను కిందనుంచే తాను దూరే చుట్టు.

రిజర్వేషను 30 రోజుల ముందు తెరుస్తారు, ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోతుంది. టికెట్టు మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది కాబట్టి బయట దళారీ దగ్గర ఇంకొకరి పేరున్నది కొంటే దిగిపొమ్మంటారు. ఫస్టు క్లాసు ఏసీ వద్దు, అద్దాలు తెరుచుకోవు, ఫోటోలూ రావు, గాలీ రాదు. సెకండ్ క్లాసు రిజర్వుడు పెద్దవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. దొరక్కపోతే రిజర్వేషను లేనిది అదే రోజు స్టేషనులో ఇస్తారు, కానీ నిలబడాలి. కొన్ని రైళ్లు కాండీ లోపలికి రావు, పెరదెనియ జంక్షను నుంచే మళ్లిపోతాయి. టికెట్టు మీద ఎక్కే స్టేషను చూసుకోండి. తలుపు దగ్గర వేలాడి వీడియోలు తీసుకుంటూ పడి చనిపోయినవాళ్లున్నారు. బాబుని కిటికీ దగ్గరే కూర్చోబెట్టండి.

గోపాల్‌పూర్_గాలి
గార్డు గారూ, కాండీ నుంచి ఎల్లకి ఆరేడు గంటలు. అరవై దాటినవాళ్లకి అది ఎక్కువ. తూర్పు తీరం, కొండలు రెండూ పెట్టుకుంటే సగం సెలవు బండిలోనే పోతుంది.

రాయగడ_గార్డు
మొత్తం ఎక్కమనలేదు. నాను ఓయ నుంచి ఎల్ల దాకా రెండున్నర, మూడు గంటలే, అందమంతా ఆ ముక్కలోనే. నాను ఓయ అంటే నువరఎలియకి స్టేషను. ఇంకో మాట: భారీ వానలకి కొండచరియలు విరిగి ఈ లైను నెలల తరబడి మూతపడుతుంది. బుక్ చేసే ముందు ఆ వారంలో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నడుస్తోందో చూసుకోవాలి.

ఆకుకూర_అక్క
అమ్మగారి భోజనం గురించి ఎవరూ రాయలేదే! అక్కడ శాకాహారులకి ఇబ్బంది మాంసంతో కాదు, ఉంబలకడతో. ఎండబెట్టిన చేపని చెక్కల్లా కొట్టి పొడి చేస్తారు. కొబ్బరి పచ్చడిలా ఉండే పొల్ సంబోల్‌లో, ఉల్లి కారం లూను మిరిస్‌లో, తీపి ఉల్లి సీని సంబోల్‌లో, ఒక్కోసారి ఆకుకూర వేపుడులో కూడా పడుతుంది. వెజిటేరియన్ అంటే మాంసం లేదనే అనుకుని ఇది వేసేస్తారు. అందుకని విడిగా చెప్పాలి: "మస్ ఎపా, మాళు ఎపా, ఉంబలకడ ఎపా, బిత్తర ఎపా." మాంసం, చేప, ఉంబలకడ, గుడ్డు వద్దని.

నిర్భయంగా తినదగ్గవి: పరిప్పు (కొబ్బరిపాల పప్పు), పనసకాయ కూర, బీట్‌రూటు కూర, ఇడియాప్పంలాంటి ఇంది ఆప్ప, కిరిబత్ (కొబ్బరిపాలతో ఉడికించిన అన్నం). కిరిబత్ పక్కన పెట్టే కారం మాత్రం అడిగి వేయించుకోవాలి. పప్పులోనూ ఉంబలకడ వేసే ఇళ్లున్నాయి, అడగడం మానొద్దు. త్రింకోమలిలో, కాండీ ఊళ్లో తమిళ శైవ భోజన హోటళ్లు ఉన్నాయి. అక్కడ ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం నమ్మకంగా తినొచ్చు.

గేదె పెరుగు మట్టి ముంతలో పెట్టి, పైన కితుల్ పాకం పోసి ఇస్తారు, కిరి పెని అంటారు. కితుల్ అంటే మన ఏజెన్సీ జీలుగు చెట్టే, ఒడియావాళ్ల సలప. మనవైపు దాన్ని కల్లుకే వాడతారు, వాళ్లు ఆ నీరానే కాచి పాకం, బెల్లం చేస్తారు. అసలైన పాకం ముదురు గోధుమ రంగులో, కాస్త పొగ వాసనతో ఉంటుంది. రోడ్డు పక్క చవగ్గా అమ్మేదాంట్లో పంచదార కలుస్తుంది. నారింజ రంగు కొబ్బరిబోండాం, తంబిలి, రోజుకి రెండు తాగించండి. ఎండకి అంతకంటే మందు లేదు.

గుణుపూర్_వంశధార
జీలుగు పాకం మన సవరల ఊళ్లలో కూడా చేస్తే బాగుండును. చెట్లు ఎన్ని ఉన్నాయో.

కాశీబుగ్గ_కోడలు
మే నెల అంటున్నారు కాబట్టి పౌర్ణమి చూసుకోండి. ప్రతి పౌర్ణమికీ, పోయ అంటారు, దేశమంతా సెలవు. మందు అమ్మరు, మాంసం దుకాణాలూ మూస్తారు. వైశాఖ పౌర్ణమి వెసక్. వీధుల్లో కాగితం లాంతర్లు, దీపాల తోరణాలు, దారి పొడుగునా దన్సల్ అని ఉచిత భోజనం పందిళ్లు. మన బరంపురం ఠాకురాణీ యాత్ర తెలిసినవాళ్లకి ఆ సందడి బాగా నచ్చుతుంది. ఆ రాత్రి కాండీలోనో కొలంబోలోనో ఉండేలా పెట్టుకుంటే చాలు, ఆ రోజు దూరప్రయాణం మాత్రం వద్దు, రోడ్లు నిండిపోతాయి. జూన్ పౌర్ణమి పోసొన్. అప్పుడు అనురాధపురం, మిహింతలేల్లో తెల్లబట్టల జనం లక్షల్లో ఉంటారు.

గిరిసోల_చెక్‌గేటు
కాగితాలు, డబ్బు.

ఈటీఏ అని ముందస్తు అనుమతి ఇంటి నుంచే తీసుకోవాలి. శ్రీలంక ఇమిగ్రేషన్ శాఖ సొంత సైటులోనే చేయండి. వెతికితే పైన వచ్చే నకిలీ పోలికల సైట్లు అదే పనికి అదనంగా గుంజుతాయి. పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువుండాలి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే కొట్టాలి. మనవైపు ఇంటిపేరు ఒడియా బడి రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉండటం మామూలు. విమానం టికెట్టు కూడా పాస్‌పోర్టు స్పెల్లింగుతోనే తీయండి.

డబ్బు: మన రూపాయికి వాళ్ల రూపాయలు మూడున్నర దాకా వస్తాయి. డాలర్లు తీసుకెళ్లి కటునాయక (కొలంబో) విమానాశ్రయంలో బ్యాంకు కౌంటర్లలోనే మార్చుకోండి, అన్నీ వరసగా ఉంటాయి, బోర్డు మీద రేటు చూసుకోవచ్చు. రసీదు దాచండి, మిగిలింది వెనక్కి మార్చాలంటే అడుగుతారు. 2024 ఫిబ్రవరి నుంచి మన యూపీఐ కూడా అక్కడ పనిచేస్తోంది. అయితే ఆప్‌లో ఇంటర్నేషనల్ అన్న సెట్టింగు ఇంటి దగ్గరే తెరిచి పెట్టుకోవాలి. పల్లెల్లో, ఆటోల్లో నగదే.

ప్లగ్గులు: పాత హోటళ్లలో మన గుండ్రటి మూడు పిన్నులే, కొత్తవాటిలో చదునైన పిన్నుల ఇంగ్లీషు రకం. ఒక అడాప్టరు చాలు. గడియారం మార్చక్కర్లేదు, టైము మనదే.

పర్లాకిమిడి_పాతకోట
డ్రైవరుతో కారు మాట్లాడుకునేటప్పుడు నాలుగు విషయాలు వాట్సాప్‌లో రాయించుకోవాలి: రోజుకి ఎన్ని కిలోమీటర్లు, దాటితే ఎంత, డ్రైవరు బస ఎవరిది, ఎక్స్‌ప్రెస్‌వే టోలు ఎవరిది. అయిదోది ముఖ్యం, దుకాణాల దగ్గర ఆపకూడదని. మాతలే దారిలో మసాలా తోటలు, కాండీలో రత్నాల కొట్లు. డ్రైవరుకి అక్కడ కమిషను ఉంటుంది, అది మన బిల్లులో కలుస్తుంది. ఏలకులు, మిరియాలు మామూలు సూపర్‌మార్కెట్‌లో అందులో ముప్పాతిక తక్కువకి దొరుకుతాయి.

గోపాల్‌పూర్_గాలి
ముప్పాతిక అన్నది కాస్త ఎక్కువేమో గానీ తేడా మాత్రం బాగా ఉంటుంది. దాల్చినచెక్క ఒక్కటీ కొనొచ్చు, అసలైన సన్నచెక్క అక్కడిదే. చుట్ట లోపల చాలా పొరలుంటాయి, వేలితో నొక్కితే విరిగిపోతుంది. మనకి బజార్లో వచ్చే మందపు చెక్క వేరే రకం.

పర్లాకిమిడి_పాతకోట
సరే, చాలా తక్కువకి అని చదువుకోండి.

సిల్క్‌సిటీ_శారద
ఎనిమిది రోజులు పెట్టుకోగలం. కొలంబో, బెంతోట తీసేస్తున్నాను. దంబుల్ల, సిగిరియా, పొలొన్నరువ, త్రింకోమలి, కాండీ. ఎల్ల రైలు కూడా పెట్టనా? అమ్మకి త్రింకోమలి గుడి తప్పనిసరి అంటోంది.

జైపూర్_మాస్టారు
అమ్మగారు అన్నది నిజమే, అష్టాదశ శక్తిపీఠాల్లో శాంకరీదేవి అక్కడే. జాజ్‌పూర్ బిరజాదేవిని చూసినవాళ్లకి ఆ వరసలో మొదటిది త్రింకోమలి. స్వామి శిల అనే కొండ కొసన కోణేశ్వరం, మూడువైపులా సముద్రం. పాత గుడిని 1622లో పోర్చుగీసులు కూలగొట్టారు, ఆ రాళ్లు పక్క కోటలో పడ్డాయి. ఇప్పటిది తర్వాత కట్టింది. కారు కోటలోంచి గుడి దగ్గరదాకా వెళ్తుంది, నాన్నగారికి నడక తక్కువే. సాయంత్రం పూజకి వెళ్లండి. అక్కడ జింకలు చేతిలో సంచి లాక్కుంటాయి, అరటిపళ్లు పైకి కనిపించనివ్వకండి.

ఎల్ల వద్దు. నా లెక్క: దిగిన రోజు నేరుగా దంబుల్ల (నాలుగు గంటలు), అక్కడ మూడు రాత్రులు. ఒక పూట సిగిరియా, ఒక రోజు పొలొన్నరువ. పొలొన్నరువ అంతా చదును నేల, ఒక గుడి నుంచి ఇంకోదాని దాకా కారు వెళ్తుంది. తర్వాత త్రింకోమలిలో రెండు రాత్రులు, కాండీలో రెండు.

రాయగడ_గార్డు
మాస్టారూ, రైలే లేకుండా శ్రీలంకా? కాండీలో ఉన్న ఒక రోజు కారుని నువరఎలియ పంపి, మీరు పెరదెనియ నుంచి నాను ఓయ దాకా రైల్లో వెళ్లొచ్చు. నాలుగు గంటల లోపు. దిగాక కారులో వెనక్కి. దారిలో సీత ఎలియ గుడి కాస్త ముందుకెళ్తే ఉంది. మేలో ఆ కొండలన్నీ పచ్చగా ఉంటాయి.

గోపాల్‌పూర్_గాలి
కారులో కిందికి వచ్చేది రెండున్నర గంటల ఘాట్ రోడ్డు, అన్నీ మలుపులే. వాంతుల మాత్ర ముందే వేయించాలి. నాన్నగారికి ఓపిక ఉంటేనే.

సిల్క్‌సిటీ_శారద
రైలు మా బాబుకి కావాలట, నాన్న కూడా సై అంటున్నారు. కాండీలో రెండు బదులు మూడు రాత్రులు చేసి దంబుల్లలో ఒకటి తగ్గిస్తే? చివరి విమానం పొద్దున పదింటికి.

గిరిసోల_చెక్‌గేటు
దంబుల్లలో తగ్గించొద్దు, దిగిన రోజు ఎలాగూ అలసటే. సిగిరియా, పొలొన్నరువ ఒకే రోజు చేస్తే ఎండకి పెద్దవాళ్లు పడిపోతారు. త్రింకోమలిలో ఒకటి తగ్గించండి. పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి చేరితే ఆ సాయంత్రం గుడి, మర్నాడు ఆరింటికి నిలావెలి సముద్రం, పదకొండుకి కాండీ దారి.

పదింటి విమానానికి కాండీ నుంచి రావాలంటే అర్ధరాత్రి దాటాక రెండింటికి లేవాలి. చివరి రాత్రి నెగొంబోలో పడుకోండి, విమానాశ్రయానికి పది కిలోమీటర్లే. అంటే దంబుల్ల 3, త్రింకోమలి 1, కాండీ 2, నెగొంబో 1. మొత్తం ఏడు రాత్రులు, ఎనిమిది రోజులు. నాను ఓయ రైలు కాండీ మధ్యలో ఉన్న పూర్తి రోజున.

ఆకుకూర_అక్క
త్రింకోమలి నుంచి కాండీకి నాలుగైదు గంటలు. మధ్యాహ్నం భోజనం దంబుల్లలో పెట్టుకోండి, దారిలో తర్వాత శాకాహారం వెతుక్కోవాలి. దోమల క్రీము మరిచిపోవద్దు, అక్కడ డెంగ్యూ ఉంది, అది కుట్టేది పగలే.

సిల్క్‌సిటీ_శారద
గిరిసోల గారి లెక్కే ఖాయం. రైలు టికెట్టు నలుగురికీ ఒకేసారి తీయొచ్చా? బాబుకి హాఫ్ టికెట్టా?

రాయగడ_గార్డు
ఒకేసారి తీయొచ్చు, నాలుగు పాస్‌పోర్టు నంబర్లూ దగ్గర పెట్టుకుని కూర్చోండి, మధ్యలో వెతికితే సెషను తెగిపోతుంది. బాబుకి పిల్లల ఛార్జీ వస్తుందో లేదో బుకింగ్ పేజీలోనే వయసు అడుగుతుంది, కానీ సీటు మాత్రం విడిగా తీసుకోండి, రద్దీలో ఒళ్లో కూర్చోబెట్టుకునే వయసు కాదు. ముందు పెరదెనియ నుంచి వెతకండి, దొరక్కపోతే కాండీ నుంచి. తెరిచే తేదీకి ఒకరోజు ముందే సైటులో ఖాతా చేసి ఉంచండి, ఓటీపీ మన నంబరుకే వస్తుంది, రోమింగు లేకపోతే అక్కడ అందదు కాబట్టి ఈ పని ఇంటి దగ్గరుండగానే అయిపోవాలి.